హైదరాబాద్ నుంచి విశాఖపట్నం: ఎంత దూరం, విమానంలో ఎంతసేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది కూకట్‌పల్లిలో, అమ్మావాళ్లు ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. ఏడాదికి నాలుగైదు సార్లయినా ఈ దారిలో తిరుగుతాను కాబట్టి మా చుట్టాలందరికీ నేనొక ఎంక్వైరీ కౌంటర్. "ఫ్లైట్ ఎంతసేపు?" దగ్గర మొదలై "ఆవకాయ పట్టుకెళ్లనిస్తారా?" దాకా అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇలా రాసిపెడుతున్నాను.

ముందు సూటిగా చెప్పు. ఎంత దూరం, ఎంతసేపు?

ఆకాశంలో సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద వేసే సమయం జెట్ విమానానికి గంటా పదిహేను నుంచి గంటా ఇరవై ఐదు నిమిషాల మధ్య ఉంటుంది. ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, అదే ఏటీఆర్ అయితే గంటన్నర, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. అందులో జెట్ నిజంగా గాల్లో ఉండేది 50 నుంచి 60 నిమిషాలే.

మా గుమ్మం దాటి అమ్మ గుమ్మం ఎక్కడానికి మాత్రం అయిదున్నర గంటలు. ప్రయాణం పెట్టుకునేటప్పుడు ఈ లెక్కే వేసుకోండి. గంటా ఇరవై నిమిషాలు అనుకుని బయలుదేరినవాళ్లే ఎయిర్‌పోర్ట్‌లో పరుగులు పెడుతుంటారు.

ఒకచోట 510 అని, ఇంకోచోట 620 అని, రైల్వే వాళ్లు 700 అని చూపిస్తున్నారు. ఏది నిజం?

మూడూ నిజమే. 510 విమానం దారి, 620 రోడ్డు, 700 రైలు పట్టాలు.

మ్యాపు తీసి చూస్తే హైదరాబాద్, విశాఖ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉంటాయి. రెండూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొంచెం పైన. అంటే ఇక్కడి నుంచి నేరుగా తూర్పుకు గీత గీస్తే విశాఖ తగులుతుంది. ఆ గీత భద్రాచలం, పాపికొండల చుట్టుపక్కల అడవుల మీదుగా పోతుంది. విమానానికి కొండలతో, గోదావరితో పని లేదు. రోడ్డుకు ఉంది. అందుకే పాత హైవే ముందు ఆగ్నేయంగా విజయవాడ దాకా 275 కిలోమీటర్లు దిగి, అక్కడ మలుపు తిరిగి తీరం వెంట ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగా మళ్లీ పైకి 350 కిలోమీటర్లు ఎక్కుతుంది. విల్లు వంచినట్టు ఉంటుంది ఆ దారి.

రైలుది ఇంకా చిత్రం. సికింద్రాబాద్‌లో బయలుదేరి ముందు ఈశాన్యంగా కాజీపేటకు పోతుంది. అక్కడి నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా కిందికి విజయవాడకు వస్తుంది. ఆ తర్వాత తీరం. ఈ కాజీపేట చుట్టు ఇప్పటిది కాదు, నిజాం రైల్వే నాటిది. 1889 నాటికే ఆ లైను బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు బయటికి రావాలంటే పట్టాలు అటు పోవాల్సిందే. ఆనాటి బొగ్గు దారిలోనే ఇవాళ మనం వందేభారత్‌లో ఉప్మా తింటూ పోతున్నాం.

జెట్ గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు. లెక్కన 40 నిమిషాల్లో దిగాలి కదా?

మా మేనల్లుడు ఏడో తరగతిలో అడిగిన ప్రశ్న ఇది. వాడి లెక్క తప్పు కాదు. కాకపోతే విమానం ఆ వేగంతో పోయేది మధ్యలో కొంతసేపే. పైకెక్కడానికి ఓ ఇరవై నిమిషాలు, దిగడానికి అంతకంటే కొంచెం ఎక్కువ, ఆ రెండు సమయాల్లోనూ వేగం తక్కువ. ఇంత చిన్న దారిలో పైకి చేరి సర్దుకునే లోపే దిగే ఏర్పాట్లు మొదలవుతాయి. మంచినీళ్లు, శాండ్‌విచ్ బండి వెనక వరుసల దాకా వచ్చేసరికి బెల్టు పెట్టుకోమని చెబుతారు.

టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకు లెక్క. విమానం వెనక్కి కదిలిన దగ్గర్నుంచి అవతల ఆగి తలుపు తీసేదాకా. శంషాబాద్‌లో రన్‌వే దాకా దొర్లుకుంటూ వెళ్లడానికి, ముందున్న విమానాలు ఎగిరేదాకా ఆగడానికి పదీ పదిహేను నిమిషాలు పోతాయి. ఇది కాక కంపెనీలు కొంత అదనపు సమయం కలిపి రాస్తాయి. అందుకే ఒక్కోసారి పావుగంట లేటుగా బయలుదేరి కూడా టైముకే దించి, పైగా మైకులో గొప్పగా చెప్పుకుంటారు.

వెళ్లేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం ఎందుకు?

గాలి వల్ల. చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, తిరుగు ప్రయాణంలో ఎదురొస్తుంది. వానాకాలంలో కథ తిరగబడుతుంది. దక్షిణ భారతం మీద బాగా ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. దాన్ని ప్రపంచానికి వివరించింది మన తెలుగువాడే, నెల్లూరులో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. 1958లో ఆయన ప్రచురించిన పరిశోధనను రుతుపవనాల గురించి చదివేవాళ్లు ఈనాటికీ తలుచుకుంటారు. ఆ గాలి అసలు జోరు 14, 15 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన విమానం అంత ఎత్తుకు పోదు కాబట్టి కొంతే తగులుతుంది.

ఇంత చిన్న దారిలో తేడా నాలుగైదు నిమిషాలు మించదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు. ఆ దారిలో అయితే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర పడుతుంది. విశాఖ టికెట్లలో అయిదు నిమిషాలు అటూ ఇటూ చూసి బుర్ర పాడుచేసుకోకండి.

ఏటీఆర్ అని వచ్చింది. చిన్న విమానం కదా, భయమా?

భయం అక్కర్లేదు. డెబ్బై ఎనభై మంది పట్టే విమానం, గంటకు 500 కిలోమీటర్ల లోపు వేగం. జెట్ కంటే తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి వానాకాలం మబ్బుల్లో కుదుపులు ఎక్కువగా తెలుస్తాయి. తల మీది సామాను అరలు చిన్నవి. అదే తక్కువ ఎత్తు వల్ల కింద ఊళ్లు, చెరువులు స్పష్టంగా కనిపిస్తాయి. నాకైతే ఇష్టం. మా ఆవిడ మాత్రం బుక్ చేసేటప్పుడే ఏ విమానమో చూసి మరీ వద్దంటుంది.

ఇంటి నుంచి ఇంటికి అయిదున్నర గంటలంటున్నావు. ఎలా వేశావు ఆ లెక్క?

మా ఇంటి లెక్క చెబుతాను, మీది దానికి తగ్గట్టు సవరించుకోండి.

కూకట్‌పల్లి జేఎన్‌టీయూ నుంచి శంషాబాద్ 40 కిలోమీటర్ల పైమాటే. హైటెక్ సిటీ, గచ్చిబౌలి దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. ఔటర్ ఎక్కాక ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. అది ఎక్కేదాకానే కష్టం. తెల్లవారుజామున అయితే మొత్తం యాభై నిమిషాలు చాలు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గంటన్నర. వాన పడిన సాయంత్రమైతే నేను లెక్క చెప్పను, దేవుడి మీద భారం వేసి, ఎయిర్‌పోర్ట్‌లో ఉండాల్సిన వేళకు రెండున్నర గంటల ముందు బయలుదేరతాను. మెహిదీపట్నం వైపు వాళ్లకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. 2009లో తెరిచిన ఆ పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన ఆరాంఘర్ దాకా సిగ్నళ్లు లేకుండా తీసుకెళుతుంది. సికింద్రాబాద్, ఉప్పల్ వైపు వాళ్లు ఊరంతా అడ్డంగా దాటుకుని రావాలి, వాళ్లది వేరే బాధ. మెట్రో ఇంకా ఎయిర్‌పోర్ట్ దాకా లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. ఒక్కరే వెళ్తుంటే క్యాబ్ కంటే చాలా చవక, సామాను పెట్టుకోవడానికి చోటు కూడా ఉంటుంది. తెల్లవారుజామున క్యాబ్ వాళ్లు చివరి నిమిషంలో క్యాన్సిల్ చేసినప్పుడు నన్ను రెండుసార్లు గట్టెక్కించింది పుష్పకే.

కాబట్టి ఇంటి నుంచి గంటా పావు. ఎయిర్‌పోర్ట్‌లో గంటన్నర, రెండు గంటల ముందు ఉండాలి. విమానం గంటా ఇరవై. విశాఖలో బ్యాగు వచ్చేసరికి ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి ఎంవీపీకి నలభై నిమిషాలు. కలిపితే అయిదున్నర దాకా వస్తుంది. ఒక్క చేతి సంచితో, వెబ్ చెక్ఇన్ చేసుకుని, తెల్లవారుజామున బయలుదేరితే నాలుగున్నరకు దిగుతుంది. అంతకంటే తగ్గించడం నావల్ల కాలేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. దేశీయ విమానాలకు బ్యాగు తీసుకునే కౌంటర్ బయలుదేరడానికి 60 నిమిషాల ముందు మూసేస్తారు. గేటు 20, 25 నిమిషాల ముందు. నేనోసారి బ్యాగుతో 54 నిమిషాల ముందు చేరాను. కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగానే "సారీ సర్" అంది. ఆ ఆరు నిమిషాల ఖరీదు కొత్త టికెట్. ఆ రోజు సాయంత్రం విమానం ఎక్కి, రాత్రి పదింటికి ఇల్లు చేరి, మా తమ్ముడి చేత "నడిచొచ్చావా?" అనిపించుకున్నాను.

అయితే వందేభారత్ మేలా? గోదావరి ఎక్స్‌ప్రెస్ మేలా? విమానమా?

దీనికి నా దగ్గర ఒక్క జవాబు లేదు. ఎవరు, ఎందుకు వెళ్తున్నారన్న దాన్ని బట్టి చెబుతాను.

సికింద్రాబాద్, విశాఖ మధ్య వందేభారత్ 2023 సంక్రాంతి రోజున, జనవరి 15న మొదలైంది. 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. మరుసటి ఏడాది రెండోది కూడా వచ్చింది. ఇంటి నుంచి ఇంటికి చూస్తే పది గంటల చిల్లర. విమానంతో తేడా నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటల కోసం ఎంత ఎక్కువ పెట్టగలరన్నదే ప్రశ్న. నెల ముందు బుక్ చేస్తే ఒక్కోసారి విమానం టికెట్ వందేభారత్ ఎగ్జిక్యూటివ్ క్లాసు చుట్టుపక్కలకే వస్తుంది, అప్పుడు ఆలోచించేది లేదు. సంక్రాంతి, దసరా ముందు అదే టికెట్ మూడు నాలుగు రెట్లు పలుకుతుంది. ఎనిమిదిన్నర గంటలు కూర్చునే ఉండాలన్నది వందేభారత్‌తో చిక్కు. మా నాన్నకు నడుము నొప్పి, ఒక్కసారి ఎక్కి మళ్లీ దాని పేరెత్తలేదు.

ఇక గోదావరి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన రైలు, యాభై ఏళ్లు దాటింది. నాంపల్లిలో సాయంత్రం ఎక్కితే పన్నెండు గంటల పైచిలుకు ప్రయాణం. గడియారం లెక్కన ఇదే అన్నిటికంటే నిదానం. కానీ అందులో ఏడెనిమిది గంటలు ఎలాగూ ఇంట్లో పడుకునేవే కదా. రాత్రి పడుకుని తెల్లారి లేచి అమ్మ చేతి కాఫీ తాగితే, పగలు ఒక్క గంట కూడా పోలేదు. విశాఖ వాళ్లను అడగండి, సగం మందికి హైదరాబాద్ అంటే గోదావరే. మా అమ్మ దృష్టిలో విమానం "తొందర ఉన్నవాళ్ల బండి".

నా పద్ధతి ఇది. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పని అయినా, ఆస్పత్రి, చావు లాంటి కబురైనా విమానం. పిల్లలతో, నాలుగు బ్యాగులతో సెలవులకైతే రాత్రి రైలు. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో మాత్రం చూసుకోండి. నాంపల్లి, సికింద్రాబాద్, లింగంపల్లి, 2025 జనవరిలో ప్రారంభించిన చర్లపల్లి టెర్మినల్, ఇలా ఒక్కో రైలు ఒక్కో చోట నుంచి. కూకట్‌పల్లి నుంచి చర్లపల్లి వెళ్లడమంటే శంషాబాద్ వెళ్లడంతో సమానమే.

కారులో?

పది, పదకొండు గంటలు. ఆర్టీసీ, ప్రైవేటు బస్సులకు పన్నెండు, పదమూడు. సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారులు, అప్పుడు వద్దు. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా విజయవాడ ముట్టుకోకుండా 162 కిలోమీటర్ల కొత్త గ్రీన్‌ఫీల్డ్ హైవే ఉంది. పైన చెప్పిన విల్లును కొంత సాపు చేసే దారి అదే. బయలుదేరే ముందు ఎంత మేర తెరిచి ఉందో మ్యాపులో చూసుకోండి.

బుక్ చేస్తుంటే వీజీఏ అని, వీటీజెడ్ అని రెండు వస్తున్నాయి. వైజాగ్ ఏది?

వీటీజెడ్. ఇది చాలా ముఖ్యం, నవ్వకండి. వీజీఏ చూడగానే వైజాగ్ లాగే ఉంటుంది, కానీ అది విజయవాడ, అంటే గన్నవరం. మా బాబాయి మొబైల్లో హడావిడిగా బుక్ చేసి, కళ్లజోడు లేకుండా డబ్బు కట్టేసి, టికెట్‌ను మా ఫ్యామిలీ గ్రూపులో గర్వంగా పెట్టాడు. "ఇంత చవగ్గా దొరికింది" అని. చవగ్గా ఎందుకు దొరికిందో పిన్ని చూసి చెప్పింది. క్యాన్సిల్ చేస్తే మిగిలింది చాలా కొంచెం. రైలుకు విశాఖ కోడ్ మళ్లీ వేరే, వీఎస్‌కేపీ. విజయవాడది పాత బెజవాడ పేరు మీద బీజెడ్‌ఏ.

ఆవకాయ, కొబ్బరి, మాడుగుల హల్వా తీసుకెళ్లనిస్తారా?

మామూలు టికెట్‌కు కౌంటర్‌లో ఇచ్చేసే లోపలి బ్యాగు 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఇది దాటితే కిలోకు ఇంతని కట్టించుకుంటారు, ఆ రేటుకు విశాఖలోనే ఆవకాయ కొనుక్కోవచ్చు.

ఆవకాయ చేతి సంచిలో వద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. లోపలి బ్యాగులో పెట్టండి. నూనె పైకి తేలే పచ్చడి కదా, సీసా మూతకు కవరు చుట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, మీద పాత తువ్వాలు చుట్టండి. ఒకసారి నా తెల్ల చొక్కాలు నాలుగు గుంటూరు కారం రంగులోకి వచ్చాయి.

ఎండు కొబ్బరి, అదే కుడుకలు, అసలే వద్దు. నూనె ఎక్కువగా ఉండి దానంతట అదే వేడెక్కి అంటుకోగల సరుకుల జాబితాలో ఉంది. పూజ కోసం అని చెప్పినా వినరు, పాపం వాళ్ల తప్పూ కాదు. పవర్ బ్యాంకుది తిరగేసిన లెక్క. అది చేతి సంచిలోనే ఉండాలి, లోపలి బ్యాగులో వేస్తే పిలిచి తెరిపిస్తారు. అగ్గిపెట్టె, లైటర్ రెండింట్లోనూ కుదరదు. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, ఇటు నుంచి ఉస్మానియా బిస్కెట్లు, వీటికి ఏ అడ్డూ లేదు. బెల్లం దిమ్మ స్కానర్‌లో నల్లగా గడ్డలా కనిపించి ఒక్కోసారి తెరిచి చూపించమంటారు. కసురుకోకుండా చూపించండి.

ఏ పక్క కిటికీ దగ్గర కూర్చోవాలి?

విశాఖ వెళ్లేటప్పుడు కుడి పక్క. జెట్‌లో అయితే ఎఫ్ సీటు. సగం దూరం దాటాక భద్రాచలం చుట్టుపక్కల ఎక్కడో విమానం గోదావరిని దాటుతుంది. ఆ తర్వాత కుడి వైపు, పాపికొండల మధ్య ఒదిగి వచ్చిన నది కింద మైదానంలోకి వెడల్పుగా పరుచుకోవడం కనిపిస్తుంది. మబ్బు లేని నవంబర్, డిసెంబర్ ఉదయాల్లో ఇది చూడాలి. అడవి ముదురాకుపచ్చ అంతా ఒక్కసారి ఆగిపోయి, కిందంతా పొలాల గళ్లు మొదలవుతాయి. ఇన్నిసార్లు వెళ్లినా ఆ అయిదు నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టేస్తాను. ఎడమ పక్క తూర్పు కనుమలు. అవీ బాగుంటాయి కానీ నది నదే.

ఆ కాలంలో పొద్దుటి విమానంలో కుడి వైపు ఎండ కళ్లలో పడుతుంది, ఓర్చుకోవాలి. గాలివాటాన్ని బట్టి సముద్రం వైపు తిరిగి వచ్చి దిగితే ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. అది అదృష్టం. ఇక ఆ ఎయిర్‌పోర్ట్ ఐఎన్ఎస్ డేగా అనే నేవీ స్థావరంలో ఉంది. దిగాక రన్‌వే మీద ఫోటోలు, వీడియోలు తీయకండి.

ఆలస్యమైనా, క్యాన్సిల్ అయినా మనకేం ఇవ్వాలి?

ఇక్కడ విమాన సమయానికి డబ్బు విలువ ఉంది, ఎవరికీ తెలియదు. పౌర విమానయాన శాఖ డైరెక్టరేట్, అంటే డీజీసీఏ నిబంధనల్లో క్యాన్సిల్ పరిహారం గేటు నుంచి గేటు సమయాన్ని బట్టి ఉంటుంది. గంట లోపు విమానానికి 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల లోపు అయితే 7,500, రెండు గంటలు దాటితే 10,000. లేదా టికెట్ అసలు ధర, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. హైదరాబాద్ నుంచి విశాఖ గంటా పావు కాబట్టి రెండో వరసలోకి వస్తుంది. నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా క్యాన్సిల్ చేసినప్పుడే ఇది. వాతావరణం లాంటి కంపెనీ చేతిలో లేని కారణమైతే పరిహారం ఉండదు, కానీ డబ్బు వాపసో, వేరే విమానమో అడగొచ్చు.

ఆలస్యానికి వస్తే, మన దారి లాంటి రెండున్నర గంటల లోపు విమానాలకు 2 గంటలు దాటి ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. 6 గంటలు దాటితే వేరే విమానం లేదా పూర్తి వాపసు మీ ఇష్టం. అడిగితేనే ఇస్తారు. ఓసారి మూడు గంటలు కూర్చోబెట్టారు, ఎవరూ నోరు మెదపలేదు. నా పక్కనున్న పెద్దాయన లేచి వెళ్లి నిబంధన చెప్పాక అందరికీ పులిహోర పొట్లాలు వచ్చాయి. కంపెనీ పేరు ఎందుకులెండి, పులిహోర మాత్రం బాగుంది.

తుపాను రోజుల్లో?

అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినగానే ఓ కన్నేసి ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పైకప్పు, అద్దాలు చెదిరిపోయాయి, కొన్ని రోజులు విమానాలు లేవు. రైళ్లూ ఆగాయి. అప్పట్లో ఇంటికి ఫోన్ కలవక మేం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. అలాంటి హెచ్చరిక ఉంటే ప్రయాణం రెండు రోజులు వెనక్కి జరపండి. కంపెనీలు కూడా అప్పుడు ఛార్జీ లేకుండా తేదీ మార్చుకోనిస్తుంటాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి.

టైము తేడా ఏమైనా ఉందా?

గడియారంలో లేదు. సూర్యుడిలో ఉంది. విశాఖ దాదాపు అయిదు డిగ్రీలు తూర్పున ఉండటం వల్ల అక్కడ సుమారు 19 నిమిషాల ముందు తెల్లారుతుంది, అంతే ముందు పొద్దుగుంకుతుంది. డిసెంబర్ మొదట్లో హైదరాబాద్‌లో 5:40కి అస్తమిస్తే విశాఖలో 5:20కే. బీచ్‌లో సాయంత్రం చూద్దామని వెళ్లేవాళ్లు ఈ ఇరవై నిమిషాలు గుర్తుపెట్టుకోండి.

అమ్మావాళ్లు మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతున్నారు. ఏం చెప్పాలి?

బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అని పెట్టండి. నడవగలిగినా సరే. వీల్‌చైర్ తోసే మనిషి ప్రవేశం నుంచి సీటు దాకా, అక్కడ మళ్లీ సీటు నుంచి బయటి దాకా తోడుంటారు. మా అమ్మ మొదట "నాకేం కాళ్లు లేవా?" అని అలిగింది. తిరిగొచ్చాక ఆ తోడు వచ్చిన అమ్మాయి పెళ్లి సంబంధాల సంగతి కూడా చెప్పింది.

టికెట్ మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరు ముందు, వెనక అన్నది పెద్ద సమస్య కాదు కానీ అక్షరాలు తప్పు ఉండకూడదు. అసలు కార్డు చేతిలో ఇచ్చి పంపండి. డిజియాత్ర రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ ఉంది, ముఖం చూపించి లోపలికి వెళ్లొచ్చు, కానీ పెద్దవాళ్లకు ఫోన్లో అదంతా చేయించడం కంటే మామూలు లైనే సుఖం. చెవులు పట్టేస్తే చప్పరించడానికి రెండు పిప్పరమెంట్లు. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంటే విశాఖ రన్‌వే దాదాపు సముద్రంతో సమానం. దిగేటప్పుడే చెవులు ఎక్కువ గోల చేస్తాయి.

విశాఖలో దిగాక ఊళ్లోకి?

ఇప్పుడు మనకు అలవాటైన నేవీ ఎయిర్‌పోర్ట్ ఎన్ఏడీ కొత్తరోడ్డుకు దగ్గర. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు 12 కిలోమీటర్లు అటూ ఇటూ. అరగంట. బయటి రోడ్డు దాకా నడిస్తే ఆటోలు, సిటీ బస్సులు దొరుకుతాయి, సామాను తక్కువైతే నేను అదే చేస్తాను. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వాళ్లకు ఇంకా తేలిక.

విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర కట్టిన కొత్త ఎయిర్‌పోర్ట్‌కు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. విశాఖ నుంచి 45 కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడ దిగితే విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు పండగే. మా ఎంవీపీ వాళ్లకు మాత్రం నలభై నిమిషాలు కాస్తా గంటా పావు అవుతుంది, నా అయిదున్నర గంటల లెక్క ఆరు దాటుతుంది. కాబట్టి టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్ట్ రాసి ఉందో చదివి, ఇంట్లోవాళ్లను అక్కడికే రమ్మనండి.